ఇంజన్ బోరు ఎంత దాకా కొట్టొచ్చు? మీ ప్రశ్నలు, షెడ్డు జవాబులు

పోయిన నెల పొగ కొట్టే ఇంజన్ల గురించి రాశాను కదా, దాని మీద వచ్చిన ప్రశ్నలు చూస్తే చాలామంది పొగ సంగతి వదిలేసి ఇంకోదాని మీద పడ్డారు. ఎలాగూ బోరు కొట్టిస్తున్నాం, అదేదో కాస్త ఎక్కువ కొట్టించేస్తే సిసి పెరుగుతుంది కదా అని. కొత్తవాళ్ళ కోసం: బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండరు రంధ్రం, అది ఉన్న దిమ్మ బ్లాకు, రంధ్రం అరిగితే మిషన్ మీద కాస్త పెద్దగా కోసి పెద్ద పిస్టన్ వెయ్యడమే బోరు కొట్టడం. విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ మిషన్ పక్కన నిలబడి ఇరవై ఏళ్ళు దాటింది నాకు, బ్లాకు తెచ్చిన కుర్రాళ్ళలో ఈ మాట అడగని వాడు తక్కువ. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దీనికే.

ప్రశ్న: అన్నా, నాది పాత బుల్లెట్ 350, పోత ఇనుము బ్లాకు, మా నాన్న బండి. ఇంజన్ బోరుకొచ్చింది అంటున్నాడు మెకానిక్. ఇప్పటికే రెండుసార్లు బోరైంది, 0.50 పిస్టన్ నడుస్తోంది. మా ఫ్రెండేమో 350కి 500కి స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఒకటే, బోరు ఒక్కటే తేడా, కాబట్టి పెద్ద బోరు కొట్టిస్తే 500 అయిపోతుంది అంటున్నాడు. నిజమేనా? – ఖమ్మం పాఠకుడు

మీ ఫ్రెండ్ చెప్పిన లెక్క కరెక్టే తమ్ముడూ, ఇబ్బంది లెక్కతో కాదు ఇనుముతో. పాత 350కి బోరు 70 ఎంఎం, స్ట్రోక్ 90, మొత్తం 346 సిసి. 500కి బోరు 84, స్ట్రోక్ అదే 90, మొత్తం 499. అంటే 14 ఎంఎం పెంచాలి, చుట్టూ గోడలోంచి 7 ఎంఎం చెక్కేయాలి. అంత గోడ ఉంటే కదా చెక్కడానికి! బయట రెక్కలు చూసి బ్లాకు ఇంత లావు ఉందని అనుకుంటారు గానీ రెక్కలు గాలి కోసం, గోడ అంటే రెక్క మొదలు నుంచి బోరు దాకా ఉన్న ఆ కొద్ది ఎంఎంలే. ఇంకా కిందికి పోతే, బ్లాకు అడుగున క్రాంక్‌కేస్‌లోకి దిగే గొట్టం ముక్క ఉంటుంది చూడు, దానికి రెక్కలు కూడా లేవు, అసలే పల్చన, ఎక్కువ కొట్టిన బ్లాకు చాలాసార్లు అక్కడే చీరుతుంది. కంపెనీవాళ్ళు 500కి ఇదే బ్లాకు పెద్దది చేసి పెట్టలేదు, పెద్ద బ్లాకు వేరేగా పోత పోశారు, దానికి తగ్గ హెడ్డు, దానికి తగ్గ పిస్టన్, ఆ పిస్టన్ బరువుకి తగ్గట్టు, దాన్ని ఆడించే క్రాంక్ బ్యాలెన్సు. 500 కావాలంటే పాత 500 బండే కొనుక్కో, చవక పడుతుంది.

సరే, 500 వద్దు, ఉన్నదాంట్లోనే చివరి దాకా వెళ్తే ఎంత వస్తుంది? పిస్టన్ కిట్లు మామూలుగా స్టాండర్డ్ కన్నా ఎన్ని ఎంఎంలు పెద్దవో దాన్ని బట్టి 0.25, 0.50, 0.75, 1.00 అని నాలుగు మెట్లలో దొరుకుతాయి. ఆఖరి మెట్టు ఎక్కినా బోరు 71, సిసి 356. పెరిగింది పది సిసి, నూటికి మూడు లోపే. దగ్గు మందు సీసాకి ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, పిల్లలకి కొలిచి పోసేది, దానికి నిండా అంత. దానికోసం బ్లాకు ఆయుష్షు మొత్తం ఒకేసారి ఖర్చు పెట్టేస్తావా?

చాలామందికి తెలియని ఇంకో సంగతి. పాతిక (0.25) బోరు అంటే గోడలోంచి పాతిక పోదు, అది వ్యాసం లెక్క, గోడలోంచి పోయేది అందులో సగం, 0.125 ఎంఎం. ఇది ఎందుకు చెప్తున్నానంటే బోరు చుట్టూ సమానంగా అరగదు. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఒక పక్కకి ఒరిగి నెడుతుంది, ఆ పక్క ఎక్కువ తింటుంది, అదీ పిస్టన్ మీది పై రింగు వెనక్కి తిరిగే చోట అన్నిటికన్నా ఎక్కువ. హెడ్డు విప్పి బోరు అంచు మీద గోరు పెట్టి కిందికి లాగు, ఒక గట్టు తగులుతుంది, రింగు అక్కడి దాకా రాదు కాబట్టి ఆ గట్టు అరక్కుండా మిగిలిపోయింది. ఆ గట్టు కింద ఒక పక్కన 0.15 అరిగిపోయి ఉంటే పాతిక బోరు దాన్ని శుభ్రం చెయ్యలేదు, మచ్చ మిగిలిపోతుంది, ఎందుకంటే టూల్ తీసేది 0.125 మాత్రమే. అప్పుడు ఒక మెట్టు దాటేసి పై మెట్టుకి పోవాల్సిందే. ఇప్పుడు నీది 0.50లో ఉంది, 0.75కి శుభ్రపడుతుందా లేక నేరుగా 1.00కి పోవాలా అనేది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ మెకానిక్ కంటితో చూసి కూడా చెప్పలేడు. బోర్ గేజి పెట్టాలి, పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, మొత్తం ఆరు రీడింగులు. గేజి లేకుండా చెయ్యి పెట్టి తడిమి "యాభై కొట్టేద్దాం" అనే షాపు నుంచి బ్లాకు చంకలో పెట్టుకుని బయటికి వచ్చెయ్.

మరి 1.00 దగ్గరే ఎందుకు ఆపారు, 2.00 పిస్టన్ ఎందుకు చెయ్యరు అని అడుగుతావు. బోరు పెద్దదయ్యే కొద్దీ లోపల మంట గోడని చీల్చే బలం పెరుగుతుంది, అదే టైములో ఆపే గోడ పల్చనవుతుంది, రెండు వైపులా దెబ్బ. అయితే నేను చూసిన వాటిలో గోడ నిజంగా పగిలినవి తక్కువ. ఎక్కువ బ్లాకులు చచ్చేది పగిలి కాదు, వంకర పోయి. పల్చటి గోడ వేడెక్కితే గుండ్రంగా నిలబడదు, హెడ్డు బోల్టులు బిగించినా గుంజుకుపోతుంది, చల్లగా ఉన్నప్పుడు గేజి పెడితే సూపర్, రోడ్డు మీద 40 కిలోమీటర్లు పోయాక కోడిగుడ్డు. రింగు ఆ వంకరని పట్టుకోలేదు, ఆయిల్ పైకి పోతుంది, మళ్ళీ పొగ. పార్టీ వచ్చి "రింగులు డూప్లికేటువి ఇచ్చారు" అని మన మీద పడతాడు.

నీకు నా సలహా, 0.75కి శుభ్రపడితే 0.75 కొట్టించు, పడకపోతే 1.00. అది కూడా అయిపోయాక ఇంక కొట్టొద్దు, స్లీవు వేయించు, అంటే గోడ తగినంత ఉందని చూసుకుని, బ్లాకు కాస్త పెద్దగా కోసి లోపల కొత్త పోత ఇనుము గొట్టం దిగగొట్టి మళ్ళీ 70కి తెచ్చుకోవడం. లేదా కొత్త బ్లాకు. ఇంకోటి, ముందు పిస్టన్ కొను, తర్వాత బ్లాకు షాపుకి ఇవ్వు. పెట్టె మీద 0.75 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని పిస్టన్లూ ఒక్కలా ఉండవు, చేతిలో ఉన్న పిస్టన్‌ని మైక్రోమీటరుతో కొలిచి దానికి కంపెనీ చెప్పిన గ్యాప్ కలిపి బోరు కొట్టాలి. బోరింగ్ టూల్‌తో సైజు దాకా పోకూడదు, చివర ఎంఎంలో కొన్ని వందో వంతులు హోనింగ్‌కి, అంటే రాళ్ళతో సన్నగా నూరడానికి, వదలాలి.

ప్రశ్న: ఆర్‌ఎక్స్ 100 బ్లాకు 135 సైజుకి బోరు కొట్టిస్తే ఆగుతుందా సార్? – రాజమండ్రి

ఇదీ అదే కథ, స్ట్రోక్ రెండిటికీ 50. 100కి బోరు 50, అది 98 సిసి, 135కి బోరు 58, అది 132 సిసి. చుట్టూ 4 ఎంఎం. ఆగదు.

టూ స్ట్రోక్‌లో ఇంకా కష్టం ఏంటంటే అక్కడ గోడ ఉత్త గోడ కాదు, కిటికీలు ఉన్న గోడ. పెట్రోలు గాలి వచ్చే దారి, పొగ పోయే దారి, కింద నుంచి పైకి ఎక్కే దారులు, అన్నీ స్లీవు వెనకాలే పోతాయి. నాలుగు ఎంఎం కోస్తే కిటికీల మధ్య ఉన్న సన్న కమ్మీలు ముందు పోతాయి. 135 కావాలనుకున్నవాళ్ళు 135 బ్లాకు తెచ్చి కింద అది ఎలా కూర్చుంటుందో చూసుకుని బిగిస్తారు, అది వేరే పని, బోరు పని కాదు.

నీ బండి స్టాండర్డ్‌లోనో పాతికలోనో ఉంటే నీ అదృష్టం, ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, మంచి ఒరిజినల్ బ్లాకు దొరకడం ఇప్పుడు పెళ్ళి సంబంధం దొరికినట్టే. 1 ఎంఎం మొత్తం వాడేసినా వచ్చేది 102 సిసి, నాలుగు సిసి కోసం దాన్ని తగలెయ్యకు. మామూలు బోరు కొట్టించినా సరే, షాపువాడిని ఒకటే అడుగు, కిటికీల అంచులు మళ్ళీ నూరావా అని. బోరు కొట్టాక ఆ అంచులు కత్తిలా ఉంటాయి, నూరకపోతే రింగు ఉబ్బి అంచుకి తగులుకుని విరుగుతుంది, మొదటి వంద కిలోమీటర్లలోనే. రింగు విరిగిన బ్లాకు లోపల చూశావంటే పిల్లి రక్కినట్టు ఉంటుంది.

ప్రశ్న: నమస్కారమండి. మా తాతగారి పెట్రోలు అంబాసిడర్ ఉంది, 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోరు అయిపోయింది. 60 కొట్టిద్దాం, అంబాసిడర్ బ్లాకు ఏనుగండి, ఎంతైనా ఆగుతుంది అంటున్నాడు మెకానిక్. నమ్మొచ్చా? – తెనాలి

మీ మెకానిక్ ఊరికే అనలేదండి, ఆ మాటకి ఒక మూలం ఉంది. మన అంబాసిడర్ 1489 సిసి ఇంజన్ ఇంగ్లండు బీఎంసీ కంపెనీ బీ సిరీస్ డిజైను. అదే కుటుంబంలో వాళ్ళు 1588, 1622, చివరికి 1798 సిసి దాకా తీసుకెళ్ళారు, స్ట్రోక్ మాత్రం 88.9 ఎంఎం కదల్లేదు, మొత్తం బోరులోనే పెంచారు, 73 నుంచి 80 దాటించారు. ఇది విన్నవాళ్ళకి బ్లాకులో బోలెడు ఇనుము ఉందనిపిస్తుంది. కానీ వాళ్ళు పెంచింది డ్రాయింగులో, పోతలో, మన పాత బ్లాకులో కాదు. 1798 దగ్గరికి వచ్చేసరికి పక్కపక్క సిలిండర్ల మధ్య నీళ్ళు తిరగడానికి చోటు లేక గోడలు కలిపేశారు. మన దగ్గర ఉన్నది 1489 కోసం పోసిన బ్లాకు. 40 థౌ దగ్గరే మీది 1531 సిసి అయింది, ఆ 42 సిసి మీకు గానీ తాతగారికి గానీ ఎప్పుడైనా తెలిసిందా?

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ళ కిందట ఇలాగే ఒక అంబాసిడర్ బ్లాకు, 40 అయిపోయింది, పార్టీ ఎక్కడి నుంచో 60 పిస్టన్లు సంపాదించి తెచ్చాడు, నాకూ ఏనుగు మాటే మైండులో ఉంది, కొట్టేశాను. మూడు సిలిండర్లు చక్కగా వచ్చాయి. మూడో నంబరు మాత్రం హోనింగ్ అయ్యాక కిరోసిన్ గుడ్డతో తుడిచి బల్బు దించి చూస్తే గోడ మీద ఆవగింజంత నల్ల చుక్క. తుడిచాను, పోయింది, రెండు నిమిషాలు ఆగి చూస్తే మళ్ళీ వచ్చింది. వేలితో నొక్కితే తడి. బ్లాకు నీళ్ళ జాకెట్‌లో, అంటే గోడ చుట్టూ చల్లబరిచే నీళ్ళు తిరిగే ఖాళీలో, మిగిలిన తుప్పు నీళ్ళు గోడలోంచి చెమట పట్టినట్టు వస్తున్నాయి. జాకెట్ దారులు మూసి గాలి పెట్టి సబ్బు నీళ్ళు రాస్తే చుక్క చుట్టూ సన్నగా నురగ. ఆ పార్టీకి వేరే బ్లాకు నా డబ్బుతోనే కొనిచ్చాను.

తర్వాత ఆ బ్లాకుని కోసి చూశాం, తెలుసుకుందామని. ఆ మూడో సిలిండరుకి ఒక పక్క గోడ మందంగా ఉంది, ఎదురు పక్క దానిలో సగం కూడా లేదు. పోత పోసేటప్పుడు నీళ్ళ దారి కోసం లోపల ఇసుక అచ్చు పెడతారు, అది కాస్త జరిగితే గోడ ఒక పక్క లావు, ఒక పక్క పల్చన. బయట నుంచి ఎవడికీ కనపడదు. ఒకే మోడలు, ఒకే సంవత్సరం, రెండు బ్లాకులు, ఒకటి 60 ఆగుతుంది ఇంకోటి 40కే చెమట పడుతుంది. పైగా మన ఊళ్ళలో కూలెంట్ బదులు బోరుబావి నీళ్ళు పోసి నడిపిన బళ్ళు, జాకెట్ వైపు నుంచి కూడా తుప్పు తింటూనే ఉంటుంది, ఆ తిన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది గోడ మందం కొలిపించడం. అల్ట్రాసోనిక్ మందం మీటర్ అని ఉంటుంది, గోడ మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే అవతలి ముఖం ఎంత దూరంలో ఉందో నంబరు చూపిస్తుంది. ఒక్కో సిలిండరుకి చుట్టూ నాలుగు చోట్ల, ఎత్తులో మూడు చోట్ల. అన్నిటిలో తక్కువ వచ్చిన నంబరే మీ నంబరు, సగటు తీసుకోకండి, సగటు గోడలోంచి కాదు నీళ్ళు కారేది. పల్చగా వస్తే నాలుగు సిలిండర్లకీ స్లీవులు వేయించి స్టాండర్డుకి రండి, తాతగారి బండి మనవడి దాకా ఉంటుంది.

ప్రశ్న: బ్రో, ఆర్15 ఫస్ట్ వెర్షన్, కంప్రెషన్ పోయింది. బోరు ఎంత? – గుంటూరు

సున్నా. 2008లో వచ్చిన ఆ బండి సిలిండరులో ఇనుము గొట్టమే లేదు, సిలికాన్ ఎక్కువ కలిపిన అల్యూమినియమే గోడ, బోరు కొట్టే రకం కాదు అది. సిలిండరు, పిస్టన్ సెట్టుగా మార్చుకో. కేటీఎం డ్యూక్ 390 వాళ్ళు కూడా ఇదే చదువుకోండి, అక్కడ అల్యూమినియం మీద నికాసిల్ అనే గట్టి పూత ఉంటుంది, మామూలు బోరింగ్ టూల్ పెడితే పూత లేచిపోతుంది, కింద మెత్తటి అల్యూమినియం. ఎవరైనా "మేం కొట్టేస్తాం" అంటే నవ్వి వచ్చెయ్యండి.

ప్రశ్న: అన్నా ట్రాక్టరు 45 హెచ్‌పీ, ఇంజన్ విప్పాం. లైనర్లు (బ్లాకులో విడిగా దిగే సిలిండరు గొట్టాలు) మార్చేటప్పుడు కొంచెం పెద్ద బోరు పెడితే 50 హెచ్‌పీ బండికి సమానం అవుతుందా, రోటవేటరు లాగట్లేదు. – జగిత్యాల

కాదన్నా. డీజిల్‌లో బలం వచ్చేది పంపు ఎంత డీజిల్ కొడుతుందో దాన్ని బట్టి, పంపు అంతే ఉంచి బోరు పెంచితే అదే అన్నం పెద్ద గిన్నెలో పెట్టినట్టు. పైగా డీజిల్లో మంట ఒత్తిడి పెట్రోలు కన్నా చాలా ఎక్కువ, పల్చన గోడ అసలు పనికిరాదు. నీళ్ళలో కూర్చునే లైనరు అయితే దాన్ని బోరు కొట్టరు, తీసి కొత్తది వేస్తారు, అంతే. వేసేటప్పుడు కింద రబ్బరు రింగులు మెలి పడకుండా చూడు, పైన లైనరు అంచు బ్లాకు మట్టం కన్నా ఎంత లేచి ఉండాలో కంపెనీ చెప్పినంత ఉందో లేదో డయల్‌తో చూపించమను. అది తక్కువైతే గ్యాస్కెట్ నెలకోసారి పోతుంది. రోటవేటరు లాగకపోవడానికి ముందు ఎయిర్ ఫిల్టరు, నాజిల్స్ చూడు, లైనర్ల దాకా రాకముందే అక్కడ సగం జబ్బులు ఉంటాయి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటానండి, మా అబ్బాయికి పాత షెవర్లే పికప్ కొన్నాం, 350 ఇంజన్. షాపులో 30 థౌ బోరు కొడితే 355 అవుతుంది అన్నారు. మావాడికి 400 కావాలట. బోరుతో వస్తుందా?

రాదండి, కానీ మీ అబ్బాయి అడిగింది తెలివైన ప్రశ్నే. ఆ ఇంజన్లవి క్యూబిక్ అంగుళాల లెక్కలు. 350కి బోరు 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48. 30 థౌకి 355, 60 థౌకి వెళ్ళినా 360. 1970లో కంపెనీవాళ్ళే 400 చేసినప్పుడు బోరు 4.125కి పెంచారు, అంత పెంచేసరికి సిలిండర్ల మధ్య నీళ్ళకి చోటు పోయి గోడలు కలిసిపోయాయి, అక్కడ ఆవిరి చేరుతుందని పైకి పోవడానికి చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. ఆ రంధ్రాలు లేని హెడ్డు తెచ్చి బిగించినవాళ్ళు వేడితో తిప్పలు పడ్డారు. చూడండి, తెనాలి అంబాసిడర్‌కి ఇంగ్లండులో జరిగిందే అక్కడా జరిగింది. అంతకుముందు 283 ఇంజన్ బ్లాకుల్ని కుర్రాళ్ళు ఎనిమిదో వంతు అంగుళం బోరు కొట్టి 301 చేసుకునేవాళ్ళు, అప్పటి పోతలు లావు, చెల్లింది. తర్వాత పోతలు పల్చనయ్యాయి, ఆ లెక్క మీ బ్లాకుకి వెయ్యకండి.

సిసి కావాలంటే అక్కడివాళ్ళు చేసేది బోరు కాదు, క్రాంకు మార్చి స్ట్రోక్ పెంచడం. 30 థౌ కొట్టిన 350 బ్లాకులో 400 స్ట్రోక్ క్రాంకు, 3.75 అంగుళాలది, వేస్తే 383 వస్తుంది, గోడ ఎక్కువ తినకుండానే. క్రాంకు తిరిగేటప్పుడు బ్లాకు అడుగున తగిలే చోట నూరాల్సి ఉంటుంది, అది షాపువాళ్ళకి తెలుసు.

ప్రశ్న: 0.50 బోరు కొట్టిస్తే ఆర్‌సీలో సిసి మార్పించాలా? – కర్నూలు

రిపేరు కోసం కొట్టే ఓవర్‌సైజు బోరుకి ఎవరూ మార్పించడం నేను చూడలేదు. కానీ 350 బండికి 500 బ్లాకు బిగించడం లాంటివి వేరు, మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 చూడండి, కంపెనీ చెప్పిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. యాక్సిడెంటు అయ్యి ఇన్సూరెన్సువాళ్ళు ఇంజన్ చూసిన రోజు తెలుస్తుంది నొప్పి.

ప్రశ్న: షాపువాళ్ళు నిజంగా బోరు కొట్టారా, లేక పాత పిస్టన్‌కే కొత్త రింగులు వేసి బోరు డబ్బులు తీసుకున్నారా, ఎలా తెలుస్తుంది? – ఒంగోలు

హెడ్డు బిగించకముందే వెళ్ళి కూర్చో, టీ వాళ్ళ చేతే తెప్పించు. బోరు గోడ మీద వేలు పెట్టి చూడు, పై గట్టు ఉండకూడదు, ఉంటే టూల్ తగల్లేదన్నమాట. గోడ అద్దంలా మెరవకూడదు కూడా, అడ్డదిడ్డంగా సన్నటి గీతలు, ఒకదాన్నొకటి కోస్తూ పైనుంచి కింద దాకా ఉండాలి, ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. తర్వాత పిస్టన్ నెత్తి మీద చూడు, ఓవర్‌సైజు పిస్టన్ అయితే 0.50, 0.75 అని అంకె కొట్టి ఉంటుంది. అది ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో, ఈసారి బండి విప్పేటప్పుడు ఏ మెకానిక్ అయినా మొదట అడిగేది అదే.